రువాండా పథకం రద్దు: ఒక్క మాటతో తెగిన ముడి కాదు

సంపాదకులకు నమస్కారం.

బ్రిటన్‌లో లేబర్ పార్టీ 2024 ఎన్నికల ముందు చెప్పిన మాట ప్రకారం రువాండా పథకాన్ని రద్దు చేసిన తీరు మీద మీ విదేశీ వార్తల పేజీలో వచ్చిన కథనం చదివాం. వలస చట్టాల కాగితాలతో రోజూ పనిపడేవాళ్ళం కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాం. ‘శరణార్థుల దరఖాస్తులను రువాండాలో ఉంచి పరిశీలించే పథకం’ అని మీరు రాశారు. అది అలాంటి పథకం కాదు. ‘గెలిచిన మర్నాడే రద్దయిపోయింది’ అని కూడా రాశారు. అలా కూడా జరగలేదు. చూడటానికి చిన్న పొరపాట్లే. కానీ ఈ రెండూ సరిచేసుకోకపోతే ఆ హామీలో ఏముందో, ఏం లేదో పాఠకుడికి అంతుపట్టదు.

ముందు పథకం సంగతి. 2022 ఏప్రిల్ 14న, బోరిస్ జాన్సన్ ప్రధానిగా ఉండగా, హోం మంత్రి ప్రీతి పటేల్ రువాండా రాజధాని కిగాలి వెళ్ళి ఒప్పందం మీద సంతకం చేశారు. ఇంగ్లిష్ ఛానల్ మీదుగా చిన్న పడవల్లో, వీసా లేకుండా వచ్చి ఆశ్రయం అడిగేవాళ్ళ దరఖాస్తును బ్రిటన్ తెరిచి కూడా చూడదు. ఇది మేం విచారించాల్సింది కాదని పక్కన పెట్టి మనిషిని రువాండాకు పంపిస్తుంది. అక్కడ అతను రువాండా చట్టం కింద, రువాండాలో ఉండటానికే ఆశ్రయం అడగాలి. నెగ్గితే ఆ దేశంలోనే ఉంటాడు. నెగ్గకపోయినా ఏదో ఒక అనుమతి మీద అక్కడే ఉంటాడు. దరఖాస్తు నెగ్గినంత మాత్రాన లండన్ విమానం ఎక్కే హక్కు రాదు. ఇటలీ అల్బేనియాలో కట్టిన కేంద్రాలతో దీన్ని కలిపేసి రాయడం చాలా పత్రికల్లో చూస్తున్నాం. అల్బేనియాలో ఫైలు చూసేది ఇటలీ అధికారులే, నెగ్గినవాడు వెళ్ళేది ఇటలీకే. రువాండా పథకంలో బ్రిటన్ ఫైలునీ, మనిషినీ రెండింటినీ ఒకేసారి చేతులు దులుపుకుని అప్పగించేసింది. లేబర్ పార్టీ రద్దు చేస్తానన్నది దీన్ని. విదేశాల్లో కేంద్రాలు అనే ఆలోచన మొత్తాన్ని కాదు. ఈ తేడా దగ్గరకు మళ్ళీ వస్తాం.

మాటల సంగతీ ఒకటుంది. ఆశ్రయం కోరేవాడు అంటే దరఖాస్తు ఇంకా తేలనివాడు. శరణార్థి అంటే ఆ దరఖాస్తు నెగ్గినవాడు. కథనంలో రెండు మాటలూ ఒకదాని బదులు ఒకటి వాడేశారు. ‘దేశ బహిష్కరణ’ కూడా అంతే. బ్రిటన్ చట్టంలో డిపోర్టేషన్ ముఖ్యంగా నేరస్తుల కోసం ఉన్న ఏర్పాటు. ఆ ఆదేశం ఎత్తివేసేదాకా మళ్ళీ అడుగు పెట్టనివ్వరు. ఉండే అనుమతి లేదన్న కారణంతో పంపించడాన్ని రిమూవల్ అంటారు. రువాండాకు పంపాలనుకున్నది నేరం రుజువైనవాళ్ళను కాదు కనుక ‘బహిష్కరణ’ అన్న శీర్షిక దగ్గరే వార్త పక్కదారి పట్టింది.

ఈ పథకాన్ని కోర్టులు ఎందుకు ఆపాయో కూడా ఒక్క ముక్కలో ‘మానవ హక్కుల కారణంగా’ అని తేల్చేశారు. 2022 డిసెంబర్ 19న హైకోర్టు పథకం మొత్తంగా చెల్లుతుందనే అంది. 2023 జూన్ 29న అప్పీలు కోర్టు ఇద్దరికి ఒకరి లెక్కన చెల్లదంది. 2023 నవంబర్ 15న సుప్రీం కోర్టు అయిదుగురు న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా చెల్లదన్నారు. సొంత దేశమూ బ్రిటనూ కాని మూడో దేశానికి పంపడమే నేరమని వాళ్ళు అనలేదు. పారిపోయి వచ్చినవాణ్ణి, ఏ దేశంలో ప్రాణభయం ఉందన్నాడో ఆ దేశానికే తిరిగి నెట్టకూడదన్నది అంతర్జాతీయ నియమం. రువాండాకు పంపితే అక్కణ్ణుంచి అలా నెట్టేసే ప్రమాదం నిజంగా ఉందా లేదా అన్నది వాళ్ళ ముందున్న ప్రశ్న. ఉందని తేల్చడానికి వాళ్ళు చూసిన సాక్ష్యం గట్టిది. 2020-22 మధ్య అఫ్గానిస్తాన్, సిరియా, యెమెన్ దేశీయుల దరఖాస్తులను రువాండా నూటికి నూరూ తిరస్కరించింది. అంతకుముందు ఇజ్రాయెల్ ఇలాగే రువాండాతో ఒప్పందం పెట్టుకుంటే, అక్కడికి చేరినవాళ్ళను గుట్టుగా ఉగాండాలోకి దాటించారు. 2018లో కిజిబా శిబిరంలో నిరసన చేస్తున్న శరణార్థుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. కనీసం 12 మంది పోయారు. ఇక 2011లో, రువాండా ప్రభుత్వం నుంచి మీకు ప్రాణహాని ఉందని బ్రిటన్‌లో ఉంటున్న రువాండా దేశీయులను హెచ్చరించింది బ్రిటిష్ పోలీసులే.

తీర్పు తర్వాత ప్రభుత్వం రెండు పనులు చేసింది. 2023 డిసెంబర్ 5న కొత్త హోం మంత్రి జేమ్స్ క్లెవర్లీ కిగాలిలో పాత ఒప్పందం స్థానంలో పూర్తి స్థాయి సంధి మీద సంతకం పెట్టారు. పంపిన మనిషిని రువాండా తిరిగి పంపాల్సి వస్తే బ్రిటన్‌కే పంపాలి, మరే దేశానికీ పంపకూడదన్న షరతు అందులో పెట్టారు. రువాండాలోని శరణార్థుల్లో మరీ దిక్కులేని కొందరిని బ్రిటన్ తెచ్చుకుంటుందన్న షరతు కూడా ఉంది. దీన్ని ఎన్నికల వేదికల మీద ఎవరూ గట్టిగా చెప్పలేదు. రెండో పని, 2024 ఏప్రిల్ 25న రాజముద్ర (రాజు ఆమోదం) పడిన రువాండా భద్రత చట్టం. దాని రెండో సెక్షన్ ప్రకారం ఏ అధికారైనా, ఏ కోర్టయినా రువాండాను సురక్షిత దేశంగానే భావించి తీరాలి. సాక్ష్యాలు చూసి సుప్రీం కోర్టు తేల్చిన విషయాన్ని పార్లమెంటు ఓటు వేసి తిరగరాసింది. నిప్పు కాలదని చట్టం చేసినంత మాత్రాన చెయ్యి కాలకుండా ఉంటుందా అని అప్పట్లోనే చాలామంది న్యాయవాదులు తలపట్టుకున్నారు.

ఇక డబ్బు. మీ కథనంలో అన్నిటికన్నా తికమకగా ఉన్నది ఇదే. ‘రద్దుతో 70 కోట్ల పౌండ్లు ఆదా’ అని రాశారు. అది ఆదా అయిన డబ్బు కాదు, అయిపోయిన డబ్బు.

ఒప్పందం జరగడానికి ముందురోజు, 2022 ఏప్రిల్ 13న, హోం శాఖ ముఖ్య కార్యదర్శి మాథ్యూ రైక్రాఫ్ట్ మంత్రికి లేఖ రాశారు. ఈ పథకంతో పడవల రాక తగ్గుతుందని, పెట్టిన ఖర్చుకు తగ్గ ఫలితం దక్కుతుందని చెప్పడానికి చాలినంత ఆధారం లేదు కాబట్టి, మీరు రాతపూర్వకంగా ఆదేశిస్తే తప్ప ముందుకు పోలేనన్నది దాని సారాంశం. మంత్రి ఆదేశించారు. ఆ తర్వాత డబ్బు ఎలా కదిలిందో 2024 మార్చి 1న బ్రిటన్ జాతీయ ఆడిట్ కార్యాలయం ఇచ్చిన నివేదికలో లెక్కలతో సహా ఉంది. రువాండా ఆర్థికాభివృద్ధి పేరుతో పెట్టిన నిధికి అయిదేళ్ళలో 37 కోట్ల పౌండ్లు ఇవ్వాలి. 2022లో 12 కోట్లు, 2023లో 10 కోట్లు, 2024 ఏప్రిల్‌లో 5 కోట్లు, ఆ పైన 2025లో, 2026లో అయిదేసి కోట్లు. దీనికి తోడు ముందస్తు ఏర్పాట్లకని 2 కోట్ల అడ్వాన్సు. ఒక్క మనిషి వెళ్ళినా వెళ్ళకపోయినా ఈ వాయిదాలు ఆగవు. అసలు కిటుకంతా ఇక్కడుంది. మామూలుగా అయితే పని జరిగిన మేరకు చెల్లిస్తారు. ఇక్కడ తేదీ రాగానే చెల్లింపు.

మనుషులు వెళ్ళడం మొదలైతే వేరే మీటరు తిరుగుతుంది. 300 మంది చేరగానే ఒక్కసారిగా మరో 12 కోట్లు. ఆ పైన తలకు 20 వేల పౌండ్లు నిధికి. ఆ మనిషి తిండి, వసతి, దరఖాస్తు విచారణ, చదువు వగైరాలకు అయిదేళ్ళలో 1,50,874 పౌండ్ల దాకా. అతను రువాండాలో ఉండనని వెళ్ళిపోతే, వెళ్ళడానికి 10 వేలు. అంటే అక్కడే ఉండిపోయే ఒక్కో మనిషి మీద లక్షా 70 వేల పౌండ్ల పైమాటే. పథకం గొప్పగా నడిచి ఉంటే ఖర్చు తగ్గేది కాదు, పెరిగేది. హోం శాఖే 2023 జూన్‌లో వేసుకున్న అంచనాలో ఒక మనిషిని మూడో దేశానికి పంపడానికి 1,69,000 పౌండ్లు, అతను బ్రిటన్‌లో లేకపోవడం వల్ల మిగిలేది 1,06,000 అని ఉంది. ఈ తేడా పూడాలంటే పడవలెక్కేవాళ్ళలో కనీసం 37 శాతం మంది భయపడి మానుకోవాలి.

2024 జూన్ దాకా అయిన మొత్తం ఖర్చు 71.5 కోట్ల పౌండ్లని తర్వాత ప్రభుత్వం లెక్క తేల్చింది. అందులో రువాండాకు ముట్టినది 29 కోట్లు. ఎగరని విమానాలకు 5 కోట్లు. పట్టుకుని ఉంచి, తర్వాత వదిలేసిన కేంద్రాల మీద 9.5 కోట్లు. మిగతా 28 కోట్లు సిబ్బంది, కంప్యూటర్ వ్యవస్థలు, న్యాయ ఖర్చులు వంటివి. ఇంత ఖర్చుకు రువాండా వెళ్ళినవాళ్ళు నలుగురని మీరు రాశారు. నలుగురన్నది నిజమే, కానీ వాళ్ళు ఈ పథకం కింద బలవంతాన వెళ్ళినవాళ్ళు కాదు. దరఖాస్తు తిరస్కారమయ్యాక 3 వేల పౌండ్ల దాకా ఇస్తామంటే ఒప్పుకుని వెళ్ళినవాళ్ళు. కాబట్టి 71.5 కోట్లను నాలుగుతో భాగించి తలకు ఇంత అని చెప్పడం కూడా సరికాదు. బలవంతపు తరలింపుల లెక్కలో భాగించాల్సింది సున్నాతో. అది ఏ క్యాలిక్యులేటరూ చెయ్యదు.

ఇప్పుడు రద్దు వల్ల మిగిలిందేమిటో చూడండి. 2025, 2026 వాయిదాలు 10 కోట్లు, 300 మంది చేరితే ఇవ్వాల్సిన 12 కోట్లు. వెరసి 22 కోట్లు. 2024 జులై 22న హోం మంత్రి ఇవెట్ కూపర్ సభలో చెప్పిన సంఖ్య ఇదే. దానితో పాటు ఆ ఏడాదికి ఈ పథకం కోసం పక్కన పెట్టుకున్న 75 కోట్ల దాకా వేరే పనులకు అందివచ్చిందన్నారు. ముందే చెల్లించిన 29 కోట్లు తిరిగి ఇవ్వాల్సిన బాధ్యత తమకు లేదని రువాండా తేల్చి చెప్పింది. లేబర్ పార్టీ హామీలో రువాండా డబ్బు నుంచి, పడవలు నడిపే ముఠాల పని పట్టడానికి పెడతామన్న సరిహద్దు భద్రతా కమాండ్‌కు మళ్ళిస్తామన్నది 7.5 కోట్లు మాత్రమే. 70, 75, 7.5 అన్నీ ఒకే పేజీలో కనబడితే ఏది పోయిందో, ఏది మిగిలిందో, ఏది మళ్ళిందో ఎవరికైనా అయోమయమే.

పథకాన్ని సమర్థించేవాళ్ళ వాదన కూడా చెప్పాలి. దాన్ని ఒక్కసారైనా నడిపి చూడకుండానే పనికిరాదన్నారని వాళ్ళ ఫిర్యాదు. 2024 వసంతంలో, రువాండా భయంతో జనం ఉత్తర ఐర్లాండ్ మీదుగా తమ దేశంలోకి వస్తున్నారని ఐర్లాండ్ మంత్రులే అన్నారు. కాబట్టి భయం అనేది అస్సలు పుట్టలేదనడం అబద్ధం. కానీ అదే కాలంలో, జనవరి నుంచి జులై మొదటి వారం దాకా, 13 వేల మందికి పైగా పడవల్లో ఛానల్ దాటారు. కారణం ఊహించడం కష్టం కాదు. మొదటి విడతలో తీసుకోవడానికి రువాండా ఒప్పుకున్న 5,700 మందిలో, హోం శాఖ ముందు క్రమంగా హాజరవుతూ ఆచూకీ తెలిసినవాళ్ళు 2,143 మందేనని ఆ శాఖ పత్రమే చెప్పింది. పడవల్లో వచ్చినవాళ్ళు 2022లో 45 వేల పైచిలుకు, 2023లో 29 వేల పైచిలుకు. కిగాలిలో సిద్ధం చేసి విలేకరులకు చూపించిన హోప్ హాస్టల్లో పట్టేది వంద మంది. అఫ్గానిస్తాన్ నుంచి కాలినడకన ఫ్రాన్స్ తీరంలోని కలే దాకా వచ్చినవాడు ఈ లెక్క వేసుకోలేడా?

మీ కథనంలో ఒక్క వాక్యం కూడా లేని సంగతి, మా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది, ఇరుక్కుపోయిన ఫైళ్ళు. 2023 జులై 20న అక్రమ వలసల చట్టం వచ్చింది. అక్రమంగా వచ్చిన ప్రతి ఒక్కరినీ పంపించి తీరాల్సిన బాధ్యతను దాని రెండో సెక్షన్ హోం మంత్రి మీద పెట్టింది. ఆ బాధ్యత మొదలయ్యే తేదీని మాత్రం ప్రకటించలేదు, ఎందుకంటే పంపడానికి చోటు లేదు. అదే చట్టం 30వ సెక్షన్, 2023 మార్చి 7 నుంచి అలా వచ్చినవాళ్ళకు దేశంలో ఉండే అనుమతి ఇవ్వకూడదంది. అది మాత్రం అమల్లోకి వచ్చింది. ఫలితం? సూడాన్ నుంచి 2023 వేసవిలో వచ్చినవాడి ఫైలు తీస్తే, అనుమతి ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదు. సూడాన్‌కు పంపడానికి అక్కడి యుద్ధం ఒప్పుకోదు. రువాండాకు పంపడానికి విమానం లేదు. ఫైలు మూసేసి బీరువాలో పెట్టడం తప్ప అధికారికి మరో దారి లేదు. ఆ మనిషి మాత్రం హోటల్ గదిలో ఉంటాడు. ఉద్యోగం చెయ్యకూడదు. హోటల్లో భోజనం పెడతారు కాబట్టి చేతిఖర్చుకు 2024లో వారానికి ఇచ్చింది 8 పౌండ్ల 86 పెన్నీలు. 2023 సెప్టెంబర్ నాటికి హోటళ్ళలో ఇలా 56 వేల మంది ఉన్నారు. ఆ ఏడాది హోటళ్ళ ఖర్చు రోజుకు 80 లక్షల పౌండ్లని ప్రభుత్వమే చెప్పింది. త్రిశంకు స్వర్గం అంటే ఇదే, అదీ ప్రభుత్వ ఖర్చుతో.

అందుకే రద్దులో అసలు పని విమానాలు ఆపడం కాదు. అవి ఎలాగూ ఎగరడం లేదు. బీరువాలో ఫైళ్ళు బయటికి తియ్యడమే అసలు పని. జులై 22న ఇవెట్ కూపర్ పైన చెప్పిన లెక్కలు సభకు చెప్పిన రోజే నిబంధనల సవరణ కూడా సభ ముందు పెట్టారు. అనుమతి నిషేధం వెనకటి తేదీ నుంచి వర్తించకుండా దాంతో అడ్డు తీసేశారు. మొత్తం చట్టం రద్దయ్యేదాకా ఆగకుండా ఒక చిన్న సవరణతో పని మొదలుపెట్టడం తెలివైన అడుగని మా అభిప్రాయం. దీనికి పత్రికల్లో దక్కిన చోటు మాత్రం బొత్తిగా లేదు.

ఫైలు బయటికి వచ్చాక ఏం జరుగుతుందో కూడా చెప్పాలి, ఎందుకంటే తేడాలు వచ్చేది అక్కడే. మొదట వేలిముద్రలతో సహా ప్రాథమిక ఇంటర్వ్యూ ఉంటుంది. ఆ తర్వాత ప్రశ్నపత్రం. దాని తర్వాత అసలు ఇంటర్వ్యూ, గంటల తరబడి, దుబాసీ సాయంతో. ఆ తర్వాత నిర్ణయం. వేగం పెంచమని పైనుంచి ఒత్తిడి వస్తే అసలు ఇంటర్వ్యూ కురచవుతుంది. అడగాల్సిన ప్రశ్న అడగకుండానే ‘పొంతన లేదు’ అని తిరస్కరిస్తారు. అది అప్పీలుకు పోతుంది. మొదటి నిర్ణయం కోసం వేచి ఉన్నవాళ్ళు 2023 జూన్‌లో 1,75,000 మందికి పైగా ఉంటే, 2024 జూన్‌కు 1,19,000కు దిగారు, 2025 జూన్‌కు 91 వేలకు దిగారు. ఇంతలో అప్పీళ్ళ కుప్ప పెరిగి, 2025 మార్చి నాటికి దాదాపు 51 వేలకు చేరింది. ఒక గది ఊడ్చి చెత్త పక్క గదిలోకి తోసినట్టయింది. అప్పీలుకు లాయరు దొరకడం మరో తంటా; ప్రభుత్వం భరించే న్యాయ సహాయం గంట రేట్లు 1996 తర్వాత దశాబ్దాల తరబడి పెరగకపోవడంతో చాలా సంస్థలు ఆ పనే మానుకున్నాయి. నెగ్గినవాడికి మరో చిక్కు. అనుమతి వచ్చిన 28 రోజుల్లో ప్రభుత్వ వసతి ఖాళీ చెయ్యాలి. అంతలో బ్యాంకు ఖాతా, ఉద్యోగం, అద్దె ఇల్లు కుదరక వీధిన పడ్డవాళ్ళు ఎందరో. ఆ గడువును 2024 డిసెంబర్‌లో ప్రయోగాత్మకంగా 56 రోజులు చేసి చూశారు.

రద్దు ‘మర్నాడే’ అన్న మాటకు వద్దాం. 2024 జులై 4న ఎన్నికలు. జులై 6న తొలి విలేకరుల సమావేశంలో, ఈ పథకం మొదలవకముందే చచ్చి సమాధి అయిందన్నట్టు ప్రధాని కియర్ స్టార్మర్ మాట్లాడారు. ఆ మాటతో ఆగింది ప్రభుత్వ విధానం. విమానాలు, అదుపులోకి తీసుకోవడాలు ఆపడానికి మంత్రి ఆదేశం చాలు. సంధి నుంచి బయటపడటానికి చాలదు. దానికి రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి, గడువు తీరేదాకా ఆగాలి. నోటీసు ఆలస్యమైనంత కాలం వాయిదాలు ఇవ్వాలా వద్దా అన్న పేచీకి తావుంటుంది. ఇక రువాండా సురక్షితమని చెప్పే చట్టాన్ని తీసెయ్యాలంటే మరో చట్టం కావాలి. ఆ బిల్లును 2025 జనవరి 30న ప్రవేశపెట్టారు. సరిహద్దు భద్రత, ఆశ్రయం, వలసల చట్టంగా దాని మీద రాజముద్ర పడింది 2025 డిసెంబర్ 2న. సమాధి అయిందన్న మాటకూ, శాసనాల పుస్తకంలోంచి తొలగించడానికీ మధ్య దాదాపు 17 నెలలు. అన్ని నెలలూ, రువాండా సురక్షిత దేశమని నమ్మి తీరాలన్న శాసనం ఆ పుస్తకంలో అలాగే ఉంది.

హామీని మేనిఫెస్టోలో రాసుకోవడం వల్ల ఒక లాభం ఉంది, అది మామూలు పాఠకుడికి తెలియదు. గెలిచిన పార్టీ మేనిఫెస్టోలో ఉన్న బిల్లును ప్రభువుల సభ (పార్లమెంటు ఎగువ సభ) రెండో పఠనంలో, అంటే బిల్లు మీద మొదటి ప్రధాన చర్చలో, తోసిపుచ్చదు. సాల్స్‌బరీ సంప్రదాయం అంటారు దీన్ని. సవరణలు అడగొచ్చు, నెలల తరబడి చర్చించొచ్చు, చంపెయ్యలేరు. అందుకే వేదిక మీద అన్న మాట, 2024 జూన్ 13న విడుదల చేసిన మేనిఫెస్టోలో అచ్చయిన మాట, రెండూ ఒకే బరువు కావు.

‘బ్రిటన్ మళ్ళీ తలుపులు బార్లా తెరిచింది’ అని కథనం ముగించారు. ఇంతకన్నా తప్పు ముగింపు ఉండదు. పాత ప్రభుత్వపు అక్రమ వలసల చట్టంలో చాలాభాగం కొట్టేసినా, కొన్ని సెక్షన్లను లేబర్ ప్రభుత్వం కావాలనే ఉంచుకుంది. అదుపులో ఉంచే కాలం మీద హోం మంత్రికి ఎక్కువ అధికారమిచ్చే 12వ సెక్షన్ అందులో ఒకటి. 59వ సెక్షన్ మరొకటి, అది తెలుగు పాఠకులకు నేరుగా తగిలేది. సురక్షిత దేశాల పౌరులు పెట్టిన ఆశ్రయ దరఖాస్తును, అసాధారణ పరిస్థితులుంటే తప్ప, లోతుకు పోకుండానే పక్కన పెట్టడానికి వీలిస్తుందది. ఆ దేశాల జాబితాలో ఇండియాను, జార్జియాను చేరుస్తామని 2023 నవంబర్‌లో అప్పటి ప్రభుత్వం ప్రకటించింది, మరుసటి ఏడాది చేర్చింది. రువాండా పోయింది గానీ ఇది పోలేదు. పిల్లలు బ్రిటన్‌లో చదువుకుంటున్న తల్లిదండ్రులు మీ కథనం చూసి కంగారు పడి ఉంటారు. వీసా మీద వెళ్ళి చదువుకునేవాళ్ళకు రువాండా పథకంతో ఎప్పుడూ సంబంధం లేదు, రద్దుతోనూ లేదు. వీసా గడువు తీరాక ‘ఆశ్రయం పెట్టుకుందాం, ఏళ్ళు గడుస్తాయి’ అని ఏజెంటు చెప్పే మాట వినేవాళ్ళకు మాత్రం 59వ సెక్షన్‌తో సంబంధం ఉంది.

రువాండా స్థానంలో వచ్చినదీ మెత్తనిది కాదు. ఫ్రాన్స్‌తో ఒకరికి ఒకరు పద్ధతిలో ఒప్పందం 2025 ఆగస్టు 6న అమల్లోకి వచ్చింది. పడవలో వచ్చిన ఒకరిని ఫ్రాన్స్‌కు తిప్పి పంపితే, అంతకుముందు అక్రమంగా దాటే ప్రయత్నం చెయ్యని ఒకరిని అక్కణ్ణుంచి చట్టబద్ధంగా తెచ్చుకుంటారు. సెప్టెంబర్ 18న ఆ ఒప్పందం కింద మొట్టమొదట ఫ్రాన్స్‌కు పంపిన మనిషి భారతీయుడు. నవంబర్‌లో కొత్త హోం మంత్రి షబానా మహమూద్, శరణార్థి హోదాను 30 నెలలకోసారి తిరగదోడతామని, పడవల్లో వచ్చినవాళ్ళకు శాశ్వత నివాసం దక్కాలంటే 20 ఏళ్ళు పడుతుందని చెప్పారు. విదేశాల్లో కేంద్రాల మాట కూడా స్టార్మర్ 2025 మేలో అల్బేనియా గడ్డ మీదే ఎత్తారు, అల్బేనియా ప్రధాని ఎడి రామా ఒప్పుకోలేదు. ఆ కేంద్రాలు దరఖాస్తు, అప్పీలు అన్నీ అయిపోయి ఓడినవాళ్ళను ఉంచడానికి. రువాండా దరఖాస్తే వినకుండా పంపడానికి. మొదట చెప్పిన తేడా ఇదే. ఈ తేడా తెలిసినవాడికి, రద్దు చేసిన పార్టీయే మళ్ళీ కేంద్రాల మాట ఎత్తితే మాట తప్పినట్టు అనిపించదు. నచ్చకపోవచ్చు, అది వేరే సంగతి.

ఇలాంటి హామీ మీద మళ్ళీ వార్త రాసేటప్పుడు మీ విలేకరులు కొన్ని వివరాలు అడిగి రాస్తే బాగుంటుంది. ఆగేది విధానమా, చట్టమా, సంధా. ఏది ఏ తేదీన ఆగుతుంది. ఇప్పటికే నోటీసులు అందుకున్న మనుషుల ఫైళ్ళు ఎవరి బల్ల మీదికి వెళ్తాయి. మిగిలిన వాయిదాలు ఎన్ని, వాటిని ఆపే షరతు ఒప్పందంలో ఉందా. పాత చట్టంలోంచి ఏ సెక్షన్లు ఉంచుకుంటున్నారు. హోం శాఖ విడుదల చేసే పత్రాల్లో, ఆడిట్ నివేదికలో వీటిలో చాలావాటికి జవాబులు ఉంటాయి, అవి ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు.

చివరగా కథనం పక్కన వేసిన విమానం ఫొటో. ‘రువాండాకు శరణార్థులను తరలించిన విమానం’ అని కింద రాశారు. అది విల్ట్‌షైర్‌లోని బోస్కూమ్ డౌన్ సైనిక స్థావరంలో 2022 జూన్ 14 సాయంత్రం నిలబడిన బోయింగ్ 767. జాబితా కోర్టు కేసులతో తగ్గుతూ తగ్గుతూ ఆఖరికి ఏడుగురికి వచ్చింది. రాత్రి పదిన్నరకు బయల్దేరాలి. సాయంత్రం స్ట్రాస్‌బర్గ్‌లోని ఐరోపా మానవ హక్కుల కోర్టు ఒక ఇరాకీ దేశీయుడి విషయంలో తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చింది. అది చూపించి మిగతావాళ్ళ లాయర్లూ ఒక్కొక్కరే ఉత్తర్వులు తెచ్చుకున్నారు. రాత్రి పది దాటేసరికి జాబితాలో ఎవరూ మిగల్లేదు. ఆ విమానం ఎవరినీ తరలించలేదు. సవరణ వేసేటప్పుడు ఫొటో కింద మాట కూడా మార్చగలరు.

ఇట్లు,
మీ పాఠకులు